ఇంటికొకరు

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలైతే మా పల్లెలో మగవాళ్ళంతా ఇళ్ళకు చేరతారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం రెండు నెలలపాటు ఎవరినీ సముద్రంలోకి పోనివ్వదు. బోట్లన్నీ నిజాంపట్నం హార్బరులో వరసగా కట్టేసి ఉంటాయి. మా నాన్న బాపయ్య బోటు డ్రైవరు. ఆయన వారం రోజులు వరసగా ఇంట్లో కనపడేది ఆ రెండు నెలల్లోనే. ఏమీ తోచదాయనకి. వల బాగుచేస్తాడు, బాగానే తిరుగుతున్న ఫ్యాను విప్పి మళ్ళీ బిగిస్తాడు, కూరలో ఉప్పు గురించి మాట్లాడతాడు. నేను ఇంటర్ పూర్తిచేసిన ఏడాది వేసవిలో మాత్రం ఆయనకి అంతకంటే పెద్ద సంగతే దొరికింది.

నిషేధం మొదలైన వారంలోనే జ్ఞానమ్మ మేడమ్ మా ఇంటికి వచ్చారు. ఆవిడ రిటైరైన టీచరు. తెనాలిలో ఒక ట్రస్టు తరఫున ఊళ్ళు తిరుగుతుంటారు. టీచర్లు కావాలనుకునే పేదింటివాళ్ళని ఆ ట్రస్టు చదివిస్తుంది. కాలేజీ ఫీజు, బాపట్లలో హాస్టలు, పుస్తకాలు, చేతిఖర్చు అన్నీ వాళ్ళవే. పైగా ఒక్కొక్కరికీ అనుభవమున్న టీచరునొకరిని తోడుగా పెడతారు. చదువయ్యాక మూడేళ్ళు సముద్రం ఒడ్డు పల్లెల్లో పాఠాలు చెప్పాలి. షరతు అదొక్కటే. మా ఇంట్లోంచి ఇద్దరం దరఖాస్తు చేశాం. డిగ్రీ, బి.ఎడ్. కలిసిన నాలుగేళ్ళ కోర్సుకి నేను, ఒక్క బి.ఎడ్.కి మా అమ్మ.

అమ్మ పేరు కోటిరత్నం. పదో తరగతి కాగానే పెళ్ళి చేశారు. నేను బడికి వెళ్ళడం మొదలుపెట్టినప్పటి నుంచీ అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. అక్కడి పిల్లలకి అన్నాలు పెట్టి, ముక్కులు తుడిచి, ఇంటికొచ్చి మాకు వండిపెట్టి, మిగిలిన టైములో దూరవిద్యలో ఇంటరూ డిగ్రీ పాసైంది. ఆ చదువుని మేమెవరం పెద్దగా పట్టించుకోలేదు. కొందరు ఆడవాళ్ళు సీరియళ్ళు చూస్తారు, మా అమ్మ పరీక్షలు రాస్తుంది, అంతే అనుకున్నాం. దరఖాస్తు కూడా నాకు తోడుగా, సరదాకి పెట్టిందనుకున్నాను.

"ఇద్దరివీ బాగానే ఉన్నాయండి," అన్నారు జ్ఞానమ్మ మేడమ్ మంచం మీద కూర్చుని. "కాకపోతే ఒక్క మాట. ఇంటికొకరికే ఇస్తారు. ఇద్దర్నీ తెనాలి పిలుస్తాం, పిల్లల ముందు పాఠం చెప్పిస్తాం, మాట్లాడతాం. చివరికి ఒక్కరినే తీసుకుంటాం. ఈలోపు మీలో మీరు అనుకుని ఒకరు తగ్గినా సరే."

నాన్న నవ్వాడు. "ఇంకేముందండి, పిల్లకే. దానికే కదండీ ముందు ముందు బతుకంతా ఉంది."

అమ్మ మజ్జిగ గ్లాసు మేడమ్ చేతికి అందించింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నేనూ వస్తానండి తెనాలి," అంది.

మేడమ్ ఒకసారి అమ్మ వంక, ఒకసారి నా వంక చూశారు. మజ్జిగ తాగి, తేదీ చెప్పి వెళ్ళిపోయారు.

ఆవిడ బస్సెక్కిందో లేదో నాన్న మొదలుపెట్టాడు.

"నీకేమన్నా పిచ్చెక్కిందా? కన్నకూతురితో పోటీ ఏంటే?"

"పోటీ అని నేనన్నానా మావా? నాకు కావాలి. అందుకని వెళ్తన్నా."

"నలభై ఏళ్ళొస్తన్నాయి. ఆ పిల్లల మధ్య హాస్టల్లో ఉంటావా? ఇల్లెవరు చూస్తారు?"

"మీరిద్దరూ లేరా?"

నాన్న నా వంక వేలు చూపించాడు. "ఇదిగో, ముందే చెప్తన్నా. దానికా సీటు రాకపోతే చదివించడం నా వల్ల కాదు. రొయ్యల షెడ్డుకే. తర్వాత నన్నెవరూ ఏమనకండి."

షెడ్డు అంటే రొయ్యల తలలు తీసి ఐసులో వేసే చోటు. మా వీధిలో ఆడపిల్లలు చాలామంది అక్కడికే వెళ్తారు. పొద్దున వెళ్ళినవాళ్ళు సాయంత్రం వచ్చేసరికి వేళ్ళు తెల్లగా నాని, పగిలి ఉంటాయి. ఎన్ని సబ్బులు రాసినా ఆ వాసన పోదు. ఆ మాట నాన్న కోపంతో అన్నది కాదు. ఆయన చేతిలో ఉన్నదే చెప్పాడు. అందుకే నాకు భయం వేసింది.

పెరట్లో అంట్లు తోముతున్న అమ్మ దగ్గరికి వెళ్ళాను. "నువ్వెందుకమ్మా ఇప్పుడు టీచరవ్వడం?"

అమ్మ తలెత్తలేదు. "అయిదేళ్ళొచ్చేదాకా నా దగ్గరుంటారు. పాటలు పాడతారు, అంకెలు చెప్తారు. ఆ తర్వాత బళ్ళోకి పోతారు. అక్కడ ఇవాళున్న టీచరు రేపుండరు. ఈ ఒడ్డుకి ఎవరూ రారు, వచ్చినా నిలవరు. ఇంకో మూడేళ్ళు పోయాక చూస్తే నేను నేర్పింది కూడా మర్చిపోయుంటారు. ఎదురుపడితే పలకరిస్తారు, ఆయమ్మా అని. నాకు వాళ్ళ మొహం చూడాలంటే సిగ్గేస్తది." గిన్నె బోర్లించి నా వంక చూసింది. "నువ్వెందుకవుదామనుకుంటున్నావ్?"

నాకు హాస్టలు కావాలి. ఉప్పుగాలి తగలని ఊళ్ళో, చేపల వాసన రాని గదిలో, నా వయసు పిల్లల మధ్య ఉండాలి. టీచరు ఉద్యోగం అక్కడికి తీసుకెళ్ళే బస్సులాంటిది నాకు.

"నువ్వే తగ్గుతావనుకున్నా," అన్నాను.

"తెలుసు," అంది అమ్మ.

ఆ తర్వాత మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఉన్నది ఒక్క గది. అందులోనే ఒక మూల నేను ఫోన్లో వీడియోలు చూసి పాఠం తయారుచేసుకునేదాన్ని. రంగు కాగితాలు కత్తిరించి చార్టులు చేశాను, పాట కట్టాను, ఎక్కడ నవ్వాలో ఎక్కడ చప్పట్లు కొట్టించాలో కూడా అనుకున్నాను. ఇంకో మూల అమ్మ కళ్ళు మూసుకుని తనలో తనే గొణుక్కునేది. మధ్యలో నాన్న వల పరుచుకుని కూర్చునేవాడు. నాకు అన్నం పెట్టేటప్పుడు అమ్మ మామూలుగానే పెట్టేది, చేప నడుం ముక్క నాకే వేసేది. అది నాకు ఇంకా కోపం తెప్పించేది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏంటి రత్నం, కూతురి కంచంలోది లాక్కుంటన్నావంటగా?" అని ఒకామె అందరి ముందూ అనేసింది. అమ్మ బిందె ఎత్తుకుని వచ్చేసింది. వస్తూ దారిలో ఒకచోట ఆగి, బిందె దించి, మళ్ళీ ఎత్తుకుంది. వెనకాల వస్తున్న నేను చూశాను. చేయి వేయలేదు.

మే నెలలో తెనాలి వెళ్ళాం. నాన్న రానన్నాడు. రేపల్లెలో పాసింజరెక్కి ఎదురెదురు సీట్లలో కూర్చున్నాం. భట్టిప్రోలు దాటేసరికే కిటికీలోంచి వచ్చే గాలి నిప్పులా తగులుతోంది. అమ్మ పెళ్ళిళ్ళకి కట్టే నీలం చీర కట్టుకుంది. వేమూరులో ఒకామె పక్కన కూర్చుని, "అమ్మాయిని పరీక్షకి తీసుకెళ్తున్నారాండి?" అని అడిగింది. "లేదండి. ఇద్దరం వెళ్తున్నాం," అంది అమ్మ. ఆమెకి అర్థం కాలేదు.

సెలక్షను ఒక స్కూల్లో పెట్టారు. వేసవి శిబిరానికి వచ్చే మూడో తరగతి పిల్లలని ఒక గదిలో కూర్చోబెట్టారు. వెనక బెంచీల మీద ముగ్గురు పెద్దవాళ్ళు. వాళ్ళలో ఉమాశంకర్ గారని పెద్దాయన, హెడ్మాస్టరుగా చేసి రిటైరైనాయన, అందరికంటే తక్కువ మాట్లాడుతున్నాడు. అందరికీ ఒకటే పాఠం ఇచ్చారు: తీసివేత.

నన్ను ముందు పిలిచారు. నా పాఠం నేననుకున్నట్టే జరిగింది. చార్టులు చూపించాను, పాట పాడించాను, బోర్డు మీద లెక్కలు చేసి చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. గంట కొట్టేలోపే ముగించాను. బయటికొచ్చి వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. బాగా చెప్పానని నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాత అమ్మ. నలభై రెండులోంచి పదిహేడు తీసెయ్యమని బోర్డు మీద వేసింది. వెనక్కి తిరిగింది. అంతే, మాట రాలేదు. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. అమ్మ మెడ మీద చెమట నాకు కిటికీలోంచి కనపడుతోంది. ఆ క్షణంలో నాకు ఊపిరి తేలికైంది. నేను గెలిచానని అనుకున్నాను.

ముందు వరసలో ఒక పాప పలక పైకెత్తింది. ముప్ఫై అయిదు అని వేసింది. అమ్మ ఆ పలక చూసింది. చూసి, వెళ్ళి ఆ పాప ముందు నేల మీద కూర్చుంది.

"ఎట్టా చేశావమ్మా?"

"ఏడులోంచి రెండు పోతే అయిదు."

"ఏడులోంచి ఎందుకు తీశావ్?"

"రెండులోంచి ఏడు పోదుగా!"

"నిజమే, పోదు," అంది అమ్మ. గొంతు ఇప్పుడు మామూలుగా ఉంది. "మీ ఇంట్లో రెండే చేపలున్నాయి. చుట్టాలొచ్చారు, ఏడు కావాలి. ఏం చేస్తావ్?"

పాప ఆలోచించింది. గదిలో అందరూ ఆలోచిస్తున్నట్టే ఉంది. "పక్కింట్లో అడుగుతా."

పిల్లలు నవ్వారు. అమ్మ నవ్వలేదు. బోర్డు వంక చూపించింది. "ఈ రెండుకి పక్కిల్లు ఏది?"

పాప లేచింది. బోర్డు దగ్గరికెళ్ళి నాలుగు మీద వేలు పెట్టింది. అప్పుడే గంట కొట్టారు. అమ్మకి వినపడలేదు. "వాళ్ళింట్లో ఉన్నవి విడి చేపలు కాదు, పదేసి కట్టలు. ఒక కట్ట ఇచ్చారనుకో..." అంటూనే ఉంది. ఎవరో వచ్చి టైమైపోయిందండి అని చెప్పాల్సి వచ్చింది. లెక్క బోర్డు మీద సగంలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచారు. ఉమాశంకర్ గారు అడిగారు.

"నీ పాఠంలో ఒక పిల్లాడు తప్పు జవాబు చెప్పాడు కదమ్మా. ఏం చేశావ్?"

"సరిచేశాను సార్."

"ఎలా?"

"కరెక్టు జవాబు చెప్పాను."

ఆయన తలూపాడు. "టీచరెందుకు అవుదామనుకుంటున్నావ్?"

దీనికి నా దగ్గర కంఠతా పట్టిన జవాబుంది. నోరు తెరిస్తే అది రాలేదు. "ఊరు దాటాలి సార్," అన్నాను.

"మంచిదే," అన్నాడాయన. వెటకారం లేదు. "మీ అమ్మగారికిస్తే నీ సంగతేంటి?"

"షెడ్డుకి వెళ్ళాలండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

సాయంత్రం పేర్లు చదివారు. కోటిరత్నం అని వినపడింది. వెయిటింగులో మొదటి పేరు వెన్నెల, నాది. చేరిన నెలలోపు అమ్మ మానేస్తే ఆ సీటు నాకు వస్తుందని జ్ఞానమ్మ మేడమ్ నా భుజం మీద చేయి వేసి చెప్పారు.

తిరుగు బండిలో అమ్మ నా పక్కన కూర్చుంది. చినరావూరు దాటేదాకా నేను బిగబట్టుకున్నాను.

"లోపల నిన్నూ అడిగే ఉంటారు. కూతురికి వదిలేస్తారా అని."

"అడిగారు."

"ఏమన్నావ్?"

"వదలనన్నా."

"అమ్మవి కదా!" అన్నాను. డబ్బాలో ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు.

"అమ్మనే," అంది. మాట గట్టిగానే ఉంది. "మా అమ్మ మా అన్న కోసం నా చదువు మాన్పించింది. నేనూ మారు మాట్లాడలేదు. ఇప్పుడు నేను నీ కోసం వదిలేస్తే, రేపు నువ్వు ఇంకెవరి కోసమో వదిలేస్తావు. అదే నేర్చుకుంటావు నా దగ్గర."

నాకు ఆ మాట అర్థం కాలేదనను. అర్థమైనా కోపం తగ్గలేదు. పల్లెలో బస్సు దిగేసరికి నాన్న స్టాపులో నిలబడి ఉన్నాడు.

"ఎవరికి?"

"అమ్మకి," అన్నాను.

ఆయన నా చేతిలో సంచీ తీసుకుని ముందు నడిచాడు.

జూన్ నెల సగంలో నిషేధం ఎత్తేశారు. బోట్లకి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయలు కొట్టి అందరూ వేటకి పోయారు. అదే వారంలో, కాలేజీ తెరిచేలోపు ఇచ్చే శిక్షణకని అమ్మ బాపట్ల వెళ్ళింది. నేను షెడ్డులో చేరాను. ఐసు ముందు నొప్పిగా ఉంటుంది, తర్వాత ఏమీ తెలియదు, సాయంత్రం వేడినీళ్ళలో చేతులు పెట్టినప్పుడు మళ్ళీ తెలుస్తుంది. రాత్రి అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానని పెట్టేసేదాన్ని. ఆమె గొంతు రోజురోజుకీ సన్నబడుతోందని గమనించకపోలేదు.

నాన్న ఒడ్డుకొచ్చిన ఆదివారం ఇద్దరం చేపల వేపుడు కట్టుకుని కర్లపాలెం మీదుగా బాపట్ల వెళ్ళాం. హాస్టలు గేటు లోపల ఒక చెట్టు కింద కూర్చున్నాం. అమ్మ చిక్కిపోయింది. వేపుడు డబ్బా మూత తీసి, ఒక ముక్క కూడా తినకుండా మూత పెట్టేసింది.

"అందరూ చిన్నపిల్లలు," అంది. "మనస్తత్వశాస్త్రమంట, పుస్తకమంతా ఇంగ్లీషు. ఒక పేజీ చదివేసరికి తెల్లారిపోతంది. మొన్న ఇక్కడి బళ్ళో పిల్లలకి పాఠం చెప్తుంటే సార్ మధ్యలో ఆపేసి కూర్చోమన్నారు. ఆ పిల్లలు నన్ను ఆంటీ అని పిలిచి నోట్సు ఇస్తన్నారు, జాలిపడి."

నాన్న చెప్పులో ఇసుక దులుపుకుంటున్నాడు. నేను చేతులు చున్నీ కింద పెట్టుకున్నాను. అమ్మ చూసింది. చున్నీ లాగి, నా అరచేతులు వెల్లకిలా తిప్పింది. పగిలిన వేళ్ళ మీద తన బొటనవేలితో రాసింది.

"వచ్చేస్తానే," అంది. ఏడుస్తోంది. "నెల ఇంకా కాలేదు. నేను మానేస్తే సీటు నీకే వస్తది. రేపే మేడమ్‌కి చెప్తా. నువ్వు ఊఁ అను."

ఊఁ అంటే చాలు. హాస్టలు నా ఎదురుగా ఉంది. మేడ మీద ఎవరో అమ్మాయి తల దువ్వుకుంటూ నవ్వుతోంది. నేను తెనాలిలో కిటికీ దగ్గర నిలబడి అమ్మ ఓడిపోవాలని కోరుకున్నదాన్ని. ఇప్పుడామె నా చేతులు పట్టుకుని, తనే ఓడిపోతానంటోంది. నాన్న ఇసుక దులపడం ఆపేశాడు. నా వంక చూడటం లేదు గాని వింటున్నాడు.

"బస్సుకి టైమైంది," అన్నాను. "నువ్వు లోపలికెళ్ళు. వేపుడు ఇవాళే తినెయ్, రేపటికి మెత్తబడిపోద్ది."

"వెన్నెలా..."

"పో అమ్మా."

బస్టాండులో నాన్న టికెట్ల సంగతి అడగడానికి వెళ్ళాడు. నేను జ్ఞానమ్మ మేడమ్‌కి ఫోన్ చేశాను. అమ్మకి తోడుగా పెట్టిన టీచరు ఆవిడే.

"మేడమ్, మా అమ్మకి ఆ ఇంగ్లీషు పుస్తకం అర్థం కావట్లేదండి. మీతో చెప్పడానికి సిగ్గుపడుతోంది. మానేస్తానంటోంది."

"మానేస్తే ఆ సీటు నీకే కదమ్మా."

"అవునండి."

"మరి?"

"రేపొకసారి వెళ్ళండి మేడమ్. దగ్గర కూర్చుని తెలుగులో చెప్తే పట్టేసుకుంటది."

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే నాన్న అక్కడే ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. "బస్సొచ్చింది," అన్నాడు. దారిలో ఒకసారి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎండ తగ్గింది," అన్నాడు.

మర్నాడు జ్ఞానమ్మ మేడమ్ వెళ్ళారు. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు వెళ్ళి ఆ పుస్తకం అమ్మతో కలిసి చదివారు. కోర్సు అంతటికీ ఆవిడే తోడు. అమ్మ మంచి మార్కులతో ఏమీ పాసవలేదు, పాసైంది. ఇప్పుడు మా పల్లెకి రెండు ఊళ్ళ అవతల, సముద్రానికి ఎదురుగా ఉన్న బళ్ళో పాఠం చెబుతోంది. ఆమె వెళ్ళాక అక్కడి పిల్లలు బడి మానడం తగ్గిందని అంటారు. మానేవాళ్ళు ఇంకా ఉన్నారని అమ్మ అంటుంది. అవన్నీ తర్వాతి సంగతులు. నా మట్టుకు ఆ వేసవి షెడ్డు దగ్గర ముగిసింది.

బాపట్ల నుంచి వచ్చిన మరుసటి వారం. మధ్యాహ్నం భోజనాల వేళ. నాన్న షెడ్డు గుమ్మంలో నిలబడి నన్ను పిలిచాడు. లోపలికి రాలేదు, ఆడవాళ్ళున్నారని. ఆ రోజు బోటు పోవాల్సి ఉంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు.

"బోటు?" అన్నాను.

"ఇంకొకణ్ణి పంపా. రేపల్లె వెళ్ళొచ్చా." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "కాలేజీలో ఇంకా చేర్చుకుంటున్నారంట. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రం వచ్చెయ్యొచ్చు. హాస్టలు నా వల్ల కాదు. ఇదైతే చూస్తా."

నేను చేతులు తుడుచుకుంటూనే ఉండిపోయాను.

"మీ అమ్మకి చెప్పు," అన్నాడు.

"నువ్వే చెప్పు."

ఆయన ఫోన్ చేసి, గట్టిగా, బోటు మీద నుంచి ఒడ్డుకి అరిచినట్టు చెప్పాడు. తర్వాత కాసేపు విన్నాడు. మొహం అదోలా పెట్టి ఫోన్ నా వైపు చాపాడు.

"ఏ గ్రూపని అడుగుతోంది. నాకేం తెలుసు?"

తీసుకున్నాను. ఫోన్లో అమ్మ వెనక ఎక్కడో బళ్ళో పిల్లలు ఎక్కం వల్లిస్తున్నారు.

"బీకాం అనుకుంటున్నానమ్మా," అన్నాను.

అవతల ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

"సరే," అంది అమ్మ. "లెక్కలు రోజూ చెయ్యి."